పిలవని పేరంటానికొచ్చిన నత్తలు: ఇంటి అక్వేరియంలో పురుగూ పుట్రా వదిలించుకునే పద్ధతి

ముప్పై రూపాయల కబోంబా కట్టతో మొదలైంది నా గొడవ. అప్పుడు నాది రెండడుగుల ట్యాంకు, అందులో పది పన్నెండు గప్పీలు, ఇరవై దాకా చెర్రీ ష్రింప్, అంటే చిట్టి రొయ్యలు. మొక్కల కట్ట తెచ్చి కుళాయి కింద అలా ఒకసారి తిప్పి నాటేశాను, శుభ్రం చేశానని తృప్తి కూడా పడ్డాను. మూడో వారంలో ఒక రాత్రి మంచినీళ్లకి లేచి లైటు వేస్తే అద్దం నిండా గోధుమరంగు చుక్కలు. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కోటి బియ్యపు గింజంత నత్త. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

మర్నాడు షాపుకెళ్తే ఆయన తడుముకోకుండా ఒక నీలం మందు సీసా తీసి "పది చుక్కలు వేయండి సార్, పొద్దున్నకి ఒక్కటి మిగలదు" అన్నాడు. నిజమే, ఒక్కటీ మిగల్లేదు. ష్రింప్. నత్తల్లో సగం బతికే ఉన్నాయి. చచ్చిన సగం గులకరాళ్ల సందుల్లో కుళ్లడం మొదలుపెట్టాయి, రెండో రోజుకి నీళ్లు కుడితిలా అయిపోయి గప్పీలన్నీ పైకి చేరి గాలి కోసం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. మూడు రోజులు బకెట్లు మోస్తూనే ఉన్నాను.

ఆ సీసాలో ఉన్నది రాగి. నత్తకి విషమే, కానీ రొయ్యజాతికి అంతకంటే పెద్ద విషం, పైగా కొంత రాగి ఇసుకలోనూ గులకరాళ్లలోనూ పట్టి ఉండిపోతుంది కాబట్టి ఆ తర్వాత తెచ్చిన ష్రింప్ కూడా నిలబడకపోవచ్చు. అప్పట్నించి నాది ఒకటే వరస: వచ్చిందెవరో గుర్తుపట్టాలి, దాని నోటికాడి కూడు తీసేయాలి, చేత్తో తీయగలిగినంత తీయాలి, మందు ఆఖరికి. ఈ వరసలో వెళ్తే చాలాసార్లు మందు దాకా వెళ్లే పనే పడదు.

1. రాత్రిపూట టార్చి పట్టుకుని కూర్చోండి

ట్యాంకు లైటు ఆపేసి గంట గడిచాక, గదిలో లైటు కూడా తీసేసి, ఫోను టార్చితో అద్దం అంచులు, ఫిల్టర్ వెనక, మొక్కల మొదళ్లు, ఇసుకా అద్దం కలిసే గీత, ఇవన్నీ నిదానంగా చూడండి. పగలు దాక్కున్నవన్నీ అప్పుడు బయటికొస్తాయి. ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే ఇంకా మంచిది, ఎందుకంటే సగం జీవులు మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లే ఉంటాయి, కంటికి అన్నీ "తెల్ల పురుగులు"గానే కనిపిస్తాయి.

నత్తల్లో మన ట్యాంకుల్లోకి వచ్చేవి ముఖ్యంగా మూడు. బ్లాడర్ నత్త చిన్నది, పల్చటి గుల్ల, మొన పైకి పెట్టి చూస్తే గుల్ల నోరు ఎడమవైపు ఉంటుంది. ఆకుల కింద ఉడికిన సగ్గుబియ్యంలాంటి జిగురు ముద్దలు కనిపిస్తే అవి దీని గుడ్లే, వేడిని బట్టి వారం నుంచి రెండు వారాల్లో పిల్లలవుతాయి. ఆడా మగా రెండూ ఒకే నత్తలో ఉంటాయి, తోడు దొరక్కపోయినా తనంతట తనే గుడ్లు పెట్టగలదు, అందుకే ఒక్కటి వచ్చినా చాలు. రెండోది రామ్స్‌హార్న్, జంతికలా చదునుగా చుట్టుకుని ఉంటుంది. మన చెరువుల్లో, కాలవల్లో ఉండే ఒక రకం ఇదే కుటుంబానిది. మూడోది ట్రంపెట్ నత్త, స్క్రూలా పొడుగ్గా మొన తేలి ఉంటుంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, అదీ మగ తోడు లేకుండా. పగలంతా ఇసుకలో దూరి ఉంటుంది కాబట్టి మీ ట్యాంకులో వంద ఉన్నా మీకు తెలియకపోవచ్చు.

ఇక పురుగులు. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. సన్నటి తెల్ల దారంలా ఉండి, నీళ్లలో మెలికలు తిరుగుతూ ఈదితే అది డెట్రిటస్ వార్మ్, ఇసుకలో మిగిలిన మురికి తిని బతికే అమాయకప్రాణి. అద్దం మీద జిడ్డు కారినట్టు మెలికల్లేకుండా సాఫీగా పాకుతూ, తల బాణం మొనలా ఉండి, ఆ తల మీద రెండు మెల్లకళ్లు ఉంటే అది ప్లనేరియా. ష్రింప్ పెంచేవాళ్లకి దీంతోనే టెన్షన్, పిల్ల ష్రింప్‌నీ గుడ్లనీ తినేస్తుంది. అద్దానికి అంటుకున్న సెంటీమీటరు దారం, చివర నాలుగైదు పోగులు విడదీసినట్టు ఉంటే అది హైడ్రా. ముట్టుకుంటే చిన్న బొడిపెలా ముడుచుకుపోతుంది. ఆ పోగుల్లో కుట్టే కణాలుంటాయి, పెద్ద చేపల్ని ఏమీ చేయలేదు గానీ అప్పుడే పుట్టిన పిల్లల్ని పట్టేస్తుంది.

నీళ్లలో గెంతుతూ తిరిగే తెల్ల చుక్కలు సైక్లాప్స్ లేదా డాఫ్నియా, ఆవగింజలా గుండ్రంగా గబగబా తిరిగేవి ఆస్ట్రకాడ్లు. వీటిని వదిలేయండి, చేపలకి ఉచిత భోజనం. పెద్దవాళ్లకి సైక్లాప్స్ పేరు చెప్తే నారి కురుపు గుర్తొస్తుంది. అప్పట్లో దిగుడుబావుల నీళ్లు తాగినవాళ్లకి ఆ పురుగు వచ్చింది సైక్లాప్స్ ద్వారానే, కానీ మన దేశాన్ని నారి కురుపు లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లోనే ప్రకటించింది, మీ ట్యాంకు నీళ్లు మీరెలాగూ తాగరు కాబట్టి నిశ్చింతగా ఉండండి.

అన్నిటికంటే ప్రమాదమైనది తూనీగ పిల్ల. మేడ మీద తామర టబ్బులు పెట్టుకున్నవాళ్లకి ఇది తప్పదు, ఇంట్లోకి మాత్రం మొక్కలతో పాటు గుడ్ల రూపంలో వస్తుంది. సన్నగా పుల్లలా ఉండి తోక చివర మూడు ఆకుల్లాంటివి ఉంటే సన్న తూనీగది, లావుగా పొట్టిగా ఉంటే పెద్ద తూనీగది. కింది పెదవిని మడత కత్తిలా ముందుకి విసిరి చేప పిల్లని పట్టుకుంటుంది. నా దగ్గర ఒకసారి ముప్పై గప్పీ పిల్లలు రోజుకి రెండు మూడు చొప్పున మాయమవుతుంటే తల్లే తింటోందనుకుని పాపం దాన్ని వేరే డబ్బాలో పెట్టాను. నాచు కుచ్చు తీసి తెల్ల పళ్లెంలో దులిపితే అప్పుడు బయటపడింది అసలు దొంగ, బొద్దుగా, అగ్గిపుల్లలో సగం ఉంది.

2. మేత తగ్గించండి, ఇదే అసలు మందు

నత్తలు, డెట్రిటస్ వార్ములు, ప్లనేరియా, హైడ్రా, ఇవన్నీ ట్యాంకులో మిగులు తిండి ఎంతుంటే అంతే పెరుగుతాయి. నత్తలు ఎక్కువయ్యాయంటే మీరు వేసే మేత లెక్కకి అది రసీదు అనుకోండి. ఎన్ని తీసినా మేత తగ్గకపోతే నెలలో మళ్లీ అన్నీ వస్తాయి, ఇది నేను మూడుసార్లు చేసి చూసి చెప్తున్న మాట.

ఎంత వేయాలి అంటే, చేప కడుపు దాదాపు దాని కన్నంత ఉంటుందని చెప్పుకునే లెక్క ఒకటుంది, మోటు లెక్కే గానీ పనికొస్తుంది. ఒక నిమిషం, నిమిషంన్నరలో మొత్తం తినేసేంత వేయండి, కింద పడి మిగిలితే రేపు ఇంకాస్త తగ్గించండి. పెద్ద చేపలైతే వారానికో రోజు ఉపవాసం పెట్టండి, ఏకాదశి కాకపోయినా పర్లేదు. వారం లోపు పిల్లలుంటే మాత్రం వాటికి ఉపవాసాలు వద్దు.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. పొద్దున నేను వేస్తాను, పదింటికి మా అమ్మ "పాపం అద్దం దగ్గరికొచ్చి చూస్తున్నాయి, ఆకలేమో" అని వేస్తుంది, సాయంత్రం పక్కింటి పిల్లాడు వచ్చి సరదాగా ఇంకో చిటికెడు. చేపలు మనిషి కనిపిస్తే ఎప్పుడూ అద్దం దగ్గరికొస్తాయి, అది ఆకలి కాదు, అలవాటు. మందుబిళ్లలు వారం రోజులకి సర్దుకునే గళ్ల డబ్బా ఒకటి కొని, ఏ రోజు మేత ఆ గడిలో పెట్టి, పెద్ద డబ్బాని బీరువాలో దాచేశాను. గడి ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. మా అమ్మకి కోపం వచ్చింది, నత్తలు తగ్గాయి.

మేతతో పాటు మురికి కూడా తీయాలి. వారానికోసారి సైఫన్ పైపుతో ఇసుక పైపైన పీలుస్తూ పావువంతు నీళ్లు మార్చండి. పైపుని నోటితో పీల్చే అలవాటుంటే మానేయండి, ఆ నీళ్లలో ఏముందో ఇప్పుడే చదివారు కదా, పైపుని నీళ్లతో నింపి రెండు కొసలూ వేలితో మూసి దించితే చాలు. కుళ్లిన ఆకులు కత్తిరించి తీసేయండి. ఫిల్టర్ స్పాంజిని తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండి కడగండి, కుళాయి కింద పెడితే క్లోరిన్‌కి మంచి బ్యాక్టీరియా చచ్చి ఇంకో కొత్త సమస్య మొదలవుతుంది.

డెట్రిటస్ వార్ములైతే ఈ ఒక్క అడుగుతోనే రెండు మూడు వారాల్లో కనుమరుగవుతాయి. వాటికి మందు వెతకొద్దు.

3. చేత్తో తీయడం, ఎర పెట్టి పట్టడం

నత్తలకి అందరికీ తెలిసిన పద్ధతి కీరా ముక్క. మందంగా కోసి, వేడినీళ్లలో ఒక్క నిమిషం ముంచి మెత్తబడ్డాక, స్టీలు ఫోర్కుకి గుచ్చి లైట్లు ఆపే ముందు అడుగున పెట్టండి. పొద్దున్నే లేచి, లైటు వేయకముందే, ముక్కని దానికి అంటుకున్న నత్తలతో సహా తీసేయండి. పొద్దుపోయి లేస్తే నత్తలు దిగిపోతాయి, కీరా కుళ్లుతుంది, అంటే మీరే వాటికి విందు పెట్టినట్టు. పాలకూర కాడ, సొరకాయ ముక్క కూడా పనిచేస్తాయి. వారం రోజులు వరసగా చేయాలి, ఒక రాత్రి చేసి వదిలేస్తే లాభం లేదు. ఆకుల కింద సగ్గుబియ్యం ముద్దలు కనిపించినప్పుడల్లా గోటితో గీకి తీసేయండి, ఒక ముద్ద తీస్తే పదుల నత్తల్ని తీసినట్టే.

అద్దం మీద నత్తల్ని అక్కడే నొక్కి పగలగొడితే చేపలు ఎగబడి తింటాయి. రోజుకి నాలుగైదు వరకూ అలా చేయొచ్చు, యాభై పగలగొడితే నీళ్లు పాడవుతాయి.

ప్లనేరియాకి ఎర వేరు. చిన్న మూతున్న ప్లాస్టిక్ సీసా, హోమియో గోళీల సీసాలాంటిది, దాని మూతకి రెండు మిల్లీమీటర్ల బెజ్జం పెట్టి, లోపల చికెన్ ముక్కో పచ్చిరొయ్య ముక్కో వేసి, నీళ్లు నింపి అడుగున పడుకోబెట్టండి. చీకటి పడ్డాక రెండు గంటలు చాలు. రాత్రంతా వదిలితే పిల్ల ష్రింప్ కూడా దూరిపోతాయి. తీసి చూస్తే ఎన్ని ఉన్నాయో చూసి మీకే ఒళ్లు జలదరిస్తుంది, నాకు మొదటిసారి ముప్పైకి పైనే పడ్డాయి. వాటిని వేడినీళ్లలో పోయండి. కత్తిరించడం, చిదమడం మాత్రం చేయకండి, ప్లనేరియాని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కా ఒక్కో ప్లనేరియా అవుతుంది. రక్తం బొట్టు నేల మీద పడితే ఇంకో రాక్షసుడు పుట్టే కథలు వింటాం కదా, దాదాపు అదే. హైడ్రాది కూడా ఇదే తంతు, బ్లేడుతో గీకితే నీళ్లలో తేలిన ముక్కలు ఇంకోచోట అంటుకుని మళ్లీ పెరుగుతాయి.

ఎరతో ప్లనేరియా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పెద్ద చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులో తగ్గితే చాలు. ష్రింప్ పెంచేవాళ్లు అయిదో అడుగు దాకా వెళ్లాల్సిందే.

తూనీగ పిల్లకి మందూ లేదు, ఎరా లేదు. కనిపించినప్పుడు వలతో పట్టడమే. దట్టంగా ఉన్న నాచు, మొక్కల కుచ్చులు ఒక్కోటీ బయటికి తీసి తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి దులపండి. ట్యాంకుకి మూత లేకపోతే పెట్టండి, కిటికీ పక్కనైతే తప్పకుండా. జలగలూ అంతే, సన్నవి మొక్కలతో వస్తాయి, చాలావరకు నత్తల మీద పడి బతుకుతాయి, పట్టకారుతో తీయండి. గోల్డ్‌ఫిష్ ఒంటి మీద బిళ్లలా అంటుకుని పాకేది కనిపిస్తే అది చేప పేను, ఆర్గులస్. కొల్లేరు వైపు చేపల చెరువుల రైతులకి బాగా తెలిసిన శత్రువే. ఒకటి రెండైతే చేపని తడిగుడ్డలో పట్టుకుని పట్టకారుతో తీసేయొచ్చు. చెరువుల్లో కొట్టే పురుగుమందులు తెచ్చి ఇంట్లో ట్యాంకులో పోసే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

4. నత్తల్ని తినేవాటిని తేవాలా?

షాపులో నత్తలన్నారంటే మందు తర్వాత చెప్పే రెండో సలహా ఇది. నా అభిప్రాయం చెప్తాను, చాలామందికి ఇది అవసరం లేదు. కౌపీనాన్ని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లినీ, పిల్లికి పాల కోసం ఆవునీ తెచ్చుకున్న సన్యాసి కథ తెలుసు కదా, సరిగ్గా అలాగే తయారవుతుంది వ్యవహారం.

యోయో లోచ్ అనే చేప నత్తల్ని కరకరా నమిలేస్తుంది, నిజమే, కానీ అది అరచేయంత పెరుగుతుంది, అయిదారు కలిసి ఉంటేనే స్థిమితంగా ఉంటుంది, రెండడుగుల ట్యాంకులో దాన్ని పెట్టడం అన్యాయం. క్లౌన్ లోచ్ అయితే అడుగు దాకా పెరుగుతుంది, దాని సంగతి మాట్లాడుకోవడమే దండగ. పీ పఫర్ మన కేరళ నదుల చేప, వేలి కొసంత ఉంటుంది, ముద్దుగా ఉంటుంది, నత్త కనిపిస్తే వదలదు, కానీ గప్పీల తోకలు కూడా వదలదు. పైగా వాటి సొంత నదుల్లోనే సంఖ్య తగ్గిపోతున్న జాతి అది. నత్తల కోసం కాకుండా దానికంటూ ఒక ట్యాంకు పెట్టాలనుకుంటే తెచ్చుకోండి.

వీటన్నిటిలో నేను ఒప్పుకునేది అసాసిన్ నత్త. పసుపూ గోధుమరంగు చారలుంటాయి, ఇసుకలో దాక్కుని మిగతా నత్తల్ని వేటాడి తింటుంది, చేపల జోలికి రాదు. అరవై లీటర్ల ట్యాంకుకి మూడు నాలుగు చాలు. నెమ్మదిగా పనిచేస్తాయి, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. మీరు ఇష్టపడి కొన్న నెరైట్, మిస్టరీ నత్తలుంటే మాత్రం వాటినీ ఒక చూపు చూస్తాయి. హైడ్రా మాత్రమే సమస్య అయితే, ట్యాంకు పెద్దదై పిల్లలు లేకపోతే, ఒక త్రీ స్పాట్ గౌరామీ చేప చాలావరకు ఏరుకు తినేస్తుంది.

ట్రంపెట్ నత్తల మాట కొస్తే, నేను వాటిని కావాలనే ఉంచుకున్నాను. రాత్రంతా ఇసుకని దున్నుతూ ఉంటాయి, ఇసుక కింద గాలి ఆడక కుళ్లిపోయే సమస్య తగ్గుతుంది. అవన్నీ పట్టపగలే కట్టకట్టుకుని అద్దం పైకెక్కాయంటే నీళ్లలో ఏదో తేడా వచ్చిందని అర్థం, ఆక్సిజన్ తగ్గిందో, ఎక్కడో చేప చచ్చి కుళ్లుతోందో. వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫిల్టర్ ఆగిపోయిన సంగతి నాకు అవే చెప్పాయి.

5. మందు తప్పదనుకుంటే

ముందు మీ ట్యాంకులో నిజంగా ఎన్ని లీటర్లున్నాయో లెక్క కట్టండి. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించి, దాన్ని 28తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 2 అడుగులు, 1 అడుగు, 1 అడుగు అయితే 56 లీటర్లు, అందులో ఇసుకా రాళ్లకి ఓ పదిశాతం తీసేయండి. "చిన్న ట్యాంకే, ఒక మూతెడు వేద్దాం" అనే లెక్కల వల్లే చేపలు చస్తాయి.

ప్లనేరియాకీ హైడ్రాకీ బాగా పనిచేసేది ఫెన్‌బెండజోల్, కుక్కల కడుపులో పురుగులకి వాడేది. పశువుల మందుల షాపులో 150 మిల్లీగ్రాముల బిళ్లలుగా దొరుకుతుంది. ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్ లాంటివి కలిపిన బిళ్లలే ఎక్కువగా కనిపిస్తాయి, అవి వద్దు, అట్ట మీద ఫెన్‌బెండజోల్ ఒక్కటే ఉన్నది అడిగి తీసుకోండి. అభిరుచిగా పెంచేవాళ్లు ఎక్కువగా వాడే మోతాదు లీటరుకి సుమారు 0.6 మిల్లీగ్రాములు, అంటే 60 లీటర్లకి పావు బిళ్ల. మెత్తగా నూరి, గోరువెచ్చటి నీళ్లున్న చిన్న సీసాలో వేసి బాగా గిలకొట్టి, ఫిల్టర్ నీళ్లు పడేచోట పోయండి. పూర్తిగా కరగదు, తెల్లగా తేలుతుంది, కంగారుపడకండి. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే ముందే తీసేయండి, లేకపోతే మందుని అదే పీల్చేస్తుంది. మూడో రోజు మొదటి మోతాదులో సగం మళ్లీ వేయండి. ఆ తర్వాత రెండు రోజులాగి సగం నీళ్లు మార్చి అడుగు సైఫన్ చేయండి, ఎందుకంటే చచ్చిన ప్లనేరియా కుళ్లుతుంది. చెర్రీ ష్రింప్ సాధారణంగా దీన్ని తట్టుకుంటాయి. నెరైట్, మిస్టరీ నత్తలు తట్టుకోవు, వాటిని ముందే వేరే తొట్టిలోకి మార్చండి, మందు ఇసుకలో చాలాకాలం నిలిచి ఉంటుంది కాబట్టి తిరిగి తేవడానికి నెలలు ఆగండి.

ప్లనేరియాకే ఇంకో దారి వక్క సారంతో చేసిన పొడి. విదేశీ పేర్లతో ప్యాకెట్లు వస్తాయి, లోపలి సరుకు మాత్రం మన తాంబూలంలోదే. వక్కలో ఉండే ఆరెకోలిన్‌ని ఒకప్పుడు కుక్కల్లో బద్దెపురుగులకి మందుగా వాడేవాళ్లు. ఇది చదివి కిళ్లీకొట్టు నుంచి సుగంధ వక్కపొడి తెచ్చి ట్యాంకులో చల్లకండి, అందులో ఏమేం కలుపుతారో తెలియదు, మోతాదు అసలే తెలియదు. ప్యాకెట్ కొంటే దాని మీద రాసిన లెక్కే పాటించండి.

నత్తలకి మందు నేను చెప్పను. ఉన్నవన్నీ ఒకేసారి చస్తే అవి కుళ్లి వచ్చే అమ్మోనియా నత్తలకంటే పెద్ద సమస్య, అది నాకెలా తెలుసో మొదట్లోనే చెప్పాను.

ఇంకో మాట, దోమల మందు గురించి. దోమలకి కొట్టే స్ప్రేల్లో పైరెథ్రాయిడ్లు ఉంటాయి, మనకి పెద్దగా ఏమీ కాకపోయినా చేపలకీ రొయ్యలకీ ప్రాణాంతకం. గదిలో స్ప్రే కొట్టినా, వీధిలోకి ఫాగింగ్ బండి వచ్చినా, ట్యాంకుని తడిగుడ్డతో కప్పి, ఎయిర్ పంపు కాసేపు ఆపేయండి. ఆ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి పంపిస్తుంది కదా. మేడ మీద టబ్బుల్లో దోమ పిల్లలున్నాయని మందు కొట్టే బదులు నాలుగు గప్పీల్ని వదలండి, వారంలో ఒక్కటి కనిపించదు.

6. అసలు లోపలికి రాకుండా

నా అనుభవంలో వచ్చినవన్నీ రెండే దారుల్లో వచ్చాయి, మొక్కలు, బతికున్న మేత. ట్యూబిఫెక్స్ పురుగుల్లాంటి జీవమేత కాలవల్లోంచి, మురికినీళ్లలోంచి తీసేది, దాంతో పాటు ఏదైనా రావచ్చు. గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్స్ వాడితే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.

మొక్కలకి షాపు నుంచి రాగానే ఏదో ఒక స్నానం చేయించండి. పటిక అందరింట్లో ఉంటుంది, లీటరు నీళ్లకి ఒక చెంచా పొడి కరిగించి, మొక్కల్ని రెండు మూడు గంటలు ముంచండి. నత్తలకి ఇది సరిపోతుంది, లేత ఆకుల మొక్కలు కూడా తట్టుకుంటాయి. పొటాషియం పర్మాంగనేట్ అయితే ముదురు గులాబీ రంగు వచ్చేంత కలిపి పది నిమిషాలు, చేతికి తగిలితే గోధుమ మరకలు రోజుల తరబడి పోవు, గ్లవుజులు వేసుకోండి. బ్లీచింగ్ ద్రావణం, అంటే బట్టలకి వాడే సువాసన లేని సాదా రకం, ఒక వంతుకి పంతొమ్మిది వంతుల నీళ్లు కలిపి, అనుబియాస్, జావా ఫెర్న్ లాంటి గట్టి మొక్కలకి రెండు నిమిషాలు, కాడ మొక్కలకి ఒక్క నిమిషం. నాచుకీ, వాలిస్‌నేరియాకీ, హార్న్‌వర్ట్‌కీ బ్లీచ్ పెడితే కరిగిపోతాయి. అయ్యాక బాగా కడిగి, యాంటీ క్లోరిన్ ఎక్కువ పోసిన నీళ్లలో పది నిమిషాలు ఉంచండి, బ్లీచ్ వాసన పూర్తిగా పోతేనే ట్యాంకులో పెట్టాలి. బాత్రూం కడిగే యాసిడ్‌ని ఆ బకెట్ దరిదాపుల్లోకి కూడా తేవద్దు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

ఈ స్నానాలన్నిటికీ ఒక లోపముంది, నత్త గుడ్లు చాలాసార్లు తప్పించుకుంటాయి. అందుకే ఓపికున్నవాళ్లకి నా సలహా ఒకటే, పాత ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి, బాల్కనీలో నీడ వెలుతురు తగిలేచోట పెట్టి, కొత్త మొక్కల్ని నాలుగు వారాలు అందులో ఉంచండి. గుడ్లున్నా ఈలోగా పొదిగి నత్తలు బయటపడతాయి, ఏరేయొచ్చు. తూనీగ పిల్లలున్నా పెరిగి కంటికి కనిపిస్తాయి. దోమలు పెట్టకుండా డబ్బా మీద పల్చటి గుడ్డ కట్టండి. కణజాల పద్ధతిలో పెంచిన మొక్కలు కప్పుల్లో సీలు వేసి అమ్ముతారు, రేటు ఎక్కువే గానీ వాటిలో ఏ పురుగూ ఉండదు, చిన్న ష్రింప్ ట్యాంకుకి అవి కొనుక్కోవడమే నయం.

చేపల్ని తెచ్చినప్పుడు కవరులో నీళ్లు ట్యాంకులో పోయకండి. వలతో చేపని మాత్రమే తీసి వదిలి, ఆ నీళ్లు బయట పారబోయండి. మన షాపుల్లో చేపలు చాలావరకు చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో ఎన్నో తొట్లు మారి వస్తాయి, ఆ నీళ్లలో ఎన్ని ఊళ్ల సరుకుందో ఎవరికి తెలుసు.

నీళ్ల మీద తేలే చిట్టి ఆకుల మొక్క, డక్‌వీడ్ సంగతి ఒక్క మాటలో చెప్తాను. మంచి వెలుతురులో రెండు మూడు రోజులకే రెట్టింపవుతుంది, ఒక్క ఆకు మిగిలినా మళ్లీ ట్యాంకంతా పచ్చగా పరుచుకుంటుంది. నేను అయిదేళ్లుగా తీస్తూనే ఉన్నాను.

7. తీసినవి ఎక్కడ పారేయాలి

నత్తలయినా, మొక్కల ముక్కలయినా, కాలవలోనో చెరువులోనో వేయకండి, బతికుండగా మురుగులోకీ పంపకండి. గుర్రపుడెక్క మన చెరువుల్ని ఎలా మింగేసిందో చూస్తూనే ఉన్నాం, అది కూడా ఒకప్పుడు దక్షిణ అమెరికా నుంచి పూలు బాగున్నాయని తెచ్చిన మొక్కే. అద్దం నాకుతుందని అక్వేరియం కోసం తెచ్చిన సక్కర్ చేప, పెరిగి పెద్దదయ్యాక ఎవరో వదిలేస్తే ఇప్పుడు మన నదుల్లో జాలర్ల వలలు చింపుతోంది, దెయ్యం చేప అని పేరు కూడా పెట్టారు. నత్తల్ని వేడినీళ్లలో వేసి, లేదా కవరులో కట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత పూలకుండీలో మట్టి కింద పాతేయండి, గుల్లలో సున్నం ఉంటుంది కాబట్టి మొక్కకి కూడా మంచిదే. డక్‌వీడ్, మొక్కల ముక్కలు ఎండలో పరిచి కరకరలాడేదాకా ఎండబెట్టి అదే కుండీలో వేయండి. వల, పట్టకారు, సైఫన్ పైపు రెండో ట్యాంకులో వాడే ముందు రెండు రోజులు ఎండనివ్వండి, నేను వల ఆరకముందే వాడి ఒక ట్యాంకులో హైడ్రాని రెండో ట్యాంకుకి చేరవేశాను.

మార్చిన ట్యాంకు నీళ్లు కరివేపాకు మొక్కకి పోయండి, మందు వేసిన వారం తప్ప.